టూ-స్ట్రోక్ పైపుకి ఫైబర్‌గ్లాస్ గార్డు: అసలు కీలకం ఆ 8 మిల్లీమీటర్లే

టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ ముందు పొట్టలా ఉబ్బి కనిపించే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్, అంటే ఇంజన్ పొగ వెళ్లే పైపు, సుమారు ఒక మిల్లీమీటరు రేకు. రాయి గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది. పెద్ద సొట్టయితే లోపలి ఆకారం మారి ఇంజన్ లాగుడు కూడా దెబ్బతింటుంది. గార్డు అందుకే. కానీ ఇంట్లో చేసినవి రాళ్ల కంటే ముందు వేడికే పోతాయి. గాజు పోగుల్ని పట్టి ఉంచే మామూలు పాలిస్టర్ రెసిన్ 60–80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పైపు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. కాబట్టి గార్డు పైపుకి ఎక్కడా ఆనకూడదు, మధ్యలో 8 మి.మీ. ఖాళీ కావాలి. ఆ ఖాళీ అచ్చులోనే రావాలి, బిగించేటప్పుడు తెచ్చుకుందామంటే కుదరదు.

చల్లారిన పైపును విప్పి, 4 మి.మీ. ముడతల అట్టను రెండు వరసలు చుట్టండి. వంపుల దగ్గర అట్టను 2 సెం.మీ. పట్టీలుగా కోసి అతికించాలి. పైన బ్రౌన్ టేపు ముడత లేకుండా వేసి, రెండు పూతలు మైనం రుద్దండి. ఇదే అచ్చు. టేపు ముడత పడితే రెసిన్ దాన్ని పట్టుకుని వదలదు. అట్ట బదులు థర్మోకోల్ వాడొద్దు, పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. గార్డు పైపు చుట్టుకొలతలో సగం దాటకూడదు, దాటితే అచ్చు నుంచి ఊడిరాదు. సిలిండర్ వైపు మొదటి 15 సెం.మీ. వదిలేయండి. అక్కడి వేడికి ఈ గార్డు నిలవదు, పైపుని సిలిండర్‌కి పట్టి ఉంచే స్ప్రింగులకీ చెయ్యి అందాలి.

40 × 15 సెం.మీ. గార్డుకి చదరపు మీటరు 450 గ్రాములు తూగే చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల చాప) 4 పొరలు, అంటే దాదాపు 110 గ్రాముల గ్లాస్. రెసిన్ 300 గ్రాములు చాలు. 25 డిగ్రీల వాతావరణంలో కేటలిస్ట్ (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) 1.5 శాతం, అంటే 100 గ్రాములకి 1.5 గ్రాములు. ఒక్కసారే 300 గ్రాములు కలపకండి: కప్పులో ఉన్న రెసిన్ ముద్ద దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. కేటలిస్ట్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా వస్తే, దాన్ని కేటలిస్ట్‌తో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలిపోతుంది. పాలిస్టర్ బదులు ఎపాక్సీ రెసిన్ వాడేవాళ్లు చాప్డ్ మ్యాట్ బదులు నేసిన గ్లాస్ గుడ్డ తీసుకోవాలి. మ్యాట్‌ని పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌కి కరిగేలా చేసినది, ఎపాక్సీలో అది కరగక మ్యాట్ వంపుల్లో ఒదగదు.

ముందు రెసిన్ పూసి, మ్యాట్ వేసి, బ్రష్‌తో పొడిచినట్టు కొట్టండి. రుద్దితే పోగులు లేచిపోతాయి. తెల్లటి మ్యాట్ నెమ్మదిగా గాజులా పారదర్శకంగా మారుతుంది. ఇంకా తెల్లగా ఉన్న చోట రెసిన్ అందలేదు, అక్కడే తర్వాత పొరలు విడిపోతాయి. క్లిప్పులు వచ్చే చోట 5 సెం.మీ. పట్టీ రెండు పొరలు అదనంగా వేయండి. పొరలన్నీ ఒకే పూటలో వేయడం మేలు. మర్నాటికి వదిలేస్తే ఎమరీ పేపరు రుద్దకుండా పై పొర సరిగ్గా అతకదు.

రెసిన్ తోలులా సాగే దశలో అంచులు చాకుతో తేలిగ్గా తెగుతాయి. ఆ సమయం దాటితే హ్యాక్సా, మాస్కు, ఒళ్లంతా దురద. కింది భాగంలో నీళ్లు కారడానికి 8 మి.మీ. రంధ్రాలు రెండు పెట్టండి.

బిగించడానికి స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు రెండు. క్లిప్పు బిగిస్తే గార్డు పైపు మీదికి వంగుతుంది కాబట్టి, వాటి కింద 10 మి.మీ. గ్లాస్ తాడు ముక్కలు పెట్టండి. కొలిమి తలుపులకి వాడే రకం ఇందుకు సరిపోతుంది. బిగువు గార్డు కదలనంత వరకే, ఇంకా తిప్పితే అంచు చిట్లుతుంది. ఫ్రేముకి మాత్రం బిగించొద్దు. పైపు రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ గార్డుని విరిచేస్తుంది. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు ముందు టైరు తగలకుండా చూసుకోండి.

పది నిమిషాలు నడిపి, చల్లారాక గార్డు విప్పి లోపలి వైపు చూడండి. గోధుమరంగు మచ్చ కనిపిస్తే అక్కడ పైపుకి ఆనుతున్నట్టే. ఆ చోట రాకి, తాడు సర్ది, మళ్లీ నడిపి చూడాలి. గార్డు వెనక ఇరుక్కున్న ఎండు గడ్డిని ప్రతి రైడ్ తర్వాత తీసేయండి, దానికి నిప్పు అంటుకుంటుంది.