కన్ను కొట్టే సెల్

"ఎరుపు వేశావు సరే, చూసి చూసి అలవాటైపోయిందమ్మా. అంబులెన్స్ లైటులా ఆరి ఆరి వెలగాలి" అన్నారు మా ఓనర్‌గారు.

మాది చెన్నై అంబత్తూరులో మందుల హోల్‌సేల్. బిల్లింగ్‌కి సాఫ్ట్‌వేర్ ఉంది కానీ షార్ట్ ఎక్స్‌పైరీ లెక్క మాత్రం నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంటుంది. గడువుకు 90 రోజుల్లోపు వచ్చిన బ్యాచ్ ఎర్రబడుతుంది. పోయిన నెల ర్యాక్ వెనక ఒక సిరప్ కార్టన్ ఎర్రగానే ఉండి, ఎవరి కంటా పడకుండా గడువు దాటేసింది. ఆయన బాధ అదీ.

ఎక్సెల్‌లో సెల్‌ని బ్లింక్ చేసే బటన్ అంటూ ఏదీ లేదు. కండిషనల్ ఫార్మాటింగ్, అంటే మనం పెట్టిన షరతు రూల్, రంగు మారుస్తుంది, అంతే. అది కదలాలంటే వెనక నుంచి ఎవరో తట్టాలి. అందుకని జడ్1 సెల్‌లో ఒక అంకె పెట్టాను. మాక్రో, అంటే ఎక్సెల్ లోపల రాసుకునే చిన్న ప్రోగ్రామ్, దాన్ని సెకనుకోసారి 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారుస్తుంది. రూల్‌లో రెండు షరతులు: గడువు తేదీలోంచి టుడే, అంటే ఈరోజు తేదీ, తీసేస్తే 90 కంటే తక్కువ రావాలి, జడ్1లో 1 ఉండాలి. సెకను లెక్క చూసుకోవడానికి ఆన్‌టైమ్ అనే పద్ధతి ఉంది. "ఇంకో సెకనుకి నన్ను మళ్లీ లేపు" అని మాక్రో తనకు తానే అలారం పెట్టుకుంటుంది.

రన్ చేశాను. గడువు కాలమ్ పైనుంచి కిందదాకా, ఏమీ రాయని వరసలతో సహా, భగ్గుమని వెలుగుతూ ఆరుతూ ఉంది. ఖాళీ సెల్ అంటే ఎక్సెల్‌కి సున్నా. సున్నాలోంచి ఈరోజు తేదీ తీస్తే 90 కంటే తక్కువ కాక ఏమవుతుంది? గోడౌన్ పెద్దాయన తొంగి చూసి "ఎన్నమ్మా, దీపావళియా?" అని నవ్వుకుంటూ పోయాడు. 'ఖాళీ కాకూడదు' అని మూడో షరతు చేర్చాక టపాకాయలు ఆగాయి.

సాయంత్రం ఫైల్ మూశాను. సెకనులో మళ్లీ తెరుచుకుంది. మళ్లీ మూశాను, మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ చెట్టెక్కే భేతాళుడే! ఆ అలారం ఉండేది ఫైల్‌లో కాదు, ఎక్సెల్ దగ్గర. టైమ్ అయితే మూసిన ఫైల్‌ని కూడా తెరిచి మరీ మాక్రో నడుపుతుంది. రద్దు చెయ్యాలంటే ఏ సమయానికి పెట్టామో సరిగ్గా అదే సమయం చెప్పాలి. నేనేమో అక్కడ కూడా 'ఇప్పుడు ప్లస్ ఒక సెకను' అనే రాశాను. ఆ వేళకు అసలు అలారమే లేదు కాబట్టి 1004 ఎర్రర్. పెట్టిన సమయాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, ఫైల్ మూసే ముందు దాంతోనే రద్దు చేయిస్తే దారికొచ్చింది.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. బిల్లింగ్ అక్క పొరపాటున పద్నాలుగు వరసలు డిలీట్ చేసి కంట్రోల్ జడ్ కొట్టింది. ఏమీ కాలేదు. మాక్రో షీట్‌లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ అన్‌డూ చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. మాది సెకనుకోసారి పెడుతోంది. కాపీ కూడా అంతే. సెల్ చుట్టూ పరుగెత్తే చుక్కల గీత పేస్ట్ చేసేలోపే మాయం. "నీ దీపాలు నాకొద్దే తల్లీ" అంది అక్క. ఇద్దరం పర్చేజ్ బిల్లులు ముందేసుకుని ఎనిమిదింటిదాకా టైప్ చేశాం. తప్పు నాదే కాబట్టి టీ, బజ్జీ నా ఖాతాలోనే.

ఇప్పుడు ఫైల్ తెరిచిన వెంటనే పదిసార్లు వెలిగి ఆగిపోతుంది. ఆ ఇరవై సెకన్లు ఎవరూ కీబోర్డ్ ముట్టుకోకూడదని రూల్ పెట్టుకున్నాం. ఓనర్‌గారికి తెగ నచ్చింది. మూసి, మళ్లీ తెరిచి మరీ చూసుకుంటున్నారు.

ఆదివారం గూడూరు నుంచి ఫోన్ చేశారు. "ఏమ్మా, ఒక్కటీ ఎర్రగా లేదు? అన్నీ వెళ్లిపోయాయా?" నా గుండె గుభేలుమంది. ఆయన తెరిచింది ఫోన్‌లో. ఫోన్ ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు. శనివారం సేవ్ అయినప్పుడు జడ్1లో 0 ఉండిపోయింది, అంటే దీపం ఆరిన క్షణంలో ఫైల్ సేవ్ అయింది. కొంప మునిగేదే. మొన్నటిదాకా అలవాటైపోయిన ఎరుపైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

సోమవారం పొద్దున్నే జడ్1 ఊసే లేని లేత ఎరుపు రూల్ ఒకటి కింద వేశాను. ముదురు ఎరుపు దాని మీద వెలిగి ఆరుతుంది. మాక్రో నడిచినా నడవకపోయినా లేత ఎరుపు మాత్రం పోదు.

"ఫోన్‌లో కూడా ఆరి వెలిగేలా చెయ్యలేవా?" అని అడిగారు ఓనర్‌గారు.

"సార్, ఎర్రబడిన ఆ పన్నెండు పెట్టెలు ముందు కంపెనీకి రిటర్న్ పంపిద్దామా?" అన్నాను.