మొదటి ప్రమోషన్ దగ్గర ఆగిపోయే శిక్షణ

హోటల్ మేనేజ్‌మెంట్ గురించి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు అడిగేదంతా కోర్సులో చేరడం గురించే. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎంలో (హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలో) సీటు రావాలంటే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ప్రవేశ పరీక్షలో ఏ ర్యాంకు రావాలి, ఫీజు ఎంత, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి అని విచారిస్తారు. ఉద్యోగంలో చేరిన ఐదారేళ్లకు పిల్లవాడు ఏ హోదాలో ఉంటాడని అడిగేవారు అరుదు. హోటళ్ల శిక్షణ విభాగంలో పనిచేసే నాకు అసలు చిక్కంతా అక్కడే కనిపిస్తుంది.

ఉద్యోగంలో చేరేవరకు కావలసిన శిక్షణకు మన దేశంలో పెద్ద కొరత లేదు. ముంబైలో ఈ చదువు 1954లోనే మొదలైంది. 1982లో ఏర్పడిన హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ మండలి ఐహెచ్‌ఎంలకు ఉమ్మడి పాఠ్యక్రమం ఇచ్చింది. డిగ్రీ చదవలేనివారి కోసం పర్యాటక శాఖ 'హునర్ సే రోజ్‌గార్ తక్' పేరిట కొన్ని వారాల ఉచిత కోర్సులు తెచ్చింది. డిగ్రీ విద్యార్థులు ఒక సెమిస్టర్ పాటు హోటల్లోనే ఉండి ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, కిచెన్, సర్వీస్ విభాగాల్లో వంతులవారీగా పనిచేయాలన్నది నియమం. ఆచరణలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ట్రైనీలందరూ బాంక్వెట్‌లో ప్లేట్లు మోస్తూ ఉంటారు, లాగ్‌బుక్‌లో మాత్రం నాలుగు విభాగాలకూ సంతకాలు పడిపోతాయి. అయినా ఆ దశలో పని వేగం, శుభ్రత, మధ్యలో విరామమిచ్చి రెండు పూటలా పనిచేయించే బ్రేక్ షిఫ్టును తట్టుకునే ఓర్పు ఎలాగో అబ్బుతాయి.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. కిచెన్‌లో కమీ-3గా, అంటే అట్టడుగు మెట్టు వంట సహాయకుడిగా, చేరినవాడు పై మెట్టయిన కమీ-1 అయ్యేవరకు నేర్చుకునేదంతా చేతిపనే: కత్తి పట్టడం, గ్రేవీలు, తందూర్, కౌంటర్ సర్దుకోవడం. ఆ పైదైన డెమీ షెఫ్ హోదా రాగానే స్టోర్స్‌కు ఇండెంట్ (కావలసిన సరుకుల జాబితా) రాయాలి, డ్యూటీ రోస్టర్ వేయాలి, వృథాకు లెక్క చెప్పాలి, నిన్నటిదాకా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగిన మిత్రుడితోనే పని చేయించాలి. వీటిలో ఒక్కటీ అతనికి ఎవరూ నేర్పి ఉండరు. ఉదాహరణకు ప్లేటు బిర్యానీలో 120 రూపాయల ముడిసరుకు పడి, దాన్ని 400 రూపాయలకు అమ్మితే ఫుడ్ కాస్ట్, అంటే అమ్మకపు ధరలో ముడిసరుకు వాటా, 30 శాతం. వడ్డించే చేయి కాస్త ధారాళమై ముడిసరుకు 140 రూపాయలకు చేరితే అది 35 శాతం అవుతుంది. నెలాఖరున షెఫ్ కోపం ఎక్కడి నుంచి పుట్టిందో ఈ లెక్క తెలియని కుర్రవాడికి అర్థం కాదు; తన వంటకే పేరు పోయిందనుకుని బాధపడతాడు. హౌస్‌కీపింగ్‌లోనూ ఇదే తంతు. పరుపు మీద ముడత లేకుండా దుప్పటి పరిచే అమ్మాయిని ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను చేస్తారు గానీ, ఒక జత మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి లినెన్ రూమ్‌లో ఉండేలా పార్ స్టాక్ (ఎప్పుడూ ఉండాల్సిన దుప్పట్ల నిల్వ) ఎలా నిర్ణయించాలో చెప్పరు.

ఒబెరాయ్ హోటళ్ల వ్యవస్థాపకుడు మోహన్ సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరిన కథ ఇండక్షన్ తరగతుల్లో తరచుగా వినిపిస్తుంది. కథ స్ఫూర్తినిచ్చేదే. కానీ ఈనాడు చాలా హోటళ్లలో మేనేజర్లుగా తయారుచేసే మేనేజ్‌మెంట్ ట్రైనీ ఎంపికకు డిగ్రీ అడుగుతారు గనుక, డిగ్రీ కాని క్రాఫ్ట్ కోర్సు చేసి స్టీవార్డుగా (వడ్డించే ఉద్యోగిగా) చేరినవాడు ఎంత సమర్థుడైనా ఆ వరుసలో నిలబడలేడు. అలాంటివారిని వారానికి ఒక పూట స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో కూర్చోబెట్టి, దూరవిద్యలో డిగ్రీకి వీలుగా షిఫ్టులు సర్దితే అయ్యే ఖర్చు స్వల్పం. మంచి పనివాళ్లు గల్ఫ్‌కో క్రూయిజ్ షిప్పులకో వెళ్లిపోయాక కొత్తవారిని వెతికి, మళ్లీ కత్తి పట్టడం దగ్గర నుంచి నేర్పే ఖర్చు మాత్రం అంత స్వల్పం కాదు.

యాజమాన్యాలు మారేవరకు ఆగకుండా ఉద్యోగార్థులు చేయగలిగిన పని ఒకటుంది. ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు జీతంతో పాటు, గత రెండేళ్లలో ఈ హోటల్లో కమీ నుంచి డెమీ షెఫ్‌గా, స్టీవార్డు నుంచి వాళ్లపై అజమాయిషీ చేసే కెప్టెన్‌గా ఎదిగినవారు ఎందరో, వారికి ఆ మధ్యకాలంలో ఏమేమి నేర్పారో మర్యాదగా అడగండి. శిక్షణ నిజంగా ఉన్న చోట హెచ్‌ఆర్ వాళ్లు ఆ వివరాలు తడుముకోకుండా చెబుతారు.