జిరాక్స్ షాపుకు వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్

మొన్న ఆదివారం మా అమ్మాయి హాల్‌టికెట్ ప్రింటు కోసం నా పెన్‌డ్రైవ్ పట్టుకుని వీధి చివరి జిరాక్స్ షాపుకు వెళ్లింది. మా నాన్నగారి చివరి ఫొటోలు కూడా అందులోనే ఉన్నాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్లన్నీ ఉన్నట్టే కనిపించాయి గానీ, ప్రతిదాని ఎడమ మూలనా చిన్న బాణం గుర్తు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. ఒకదాన్ని నొక్కితే లోపలి ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి. ఆ చాటున వర్మ్, అంటే తన నకళ్లు తానే చేసుకుంటూ పాకే వైరస్‌లాంటి ప్రోగ్రామ్, కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఇక ఆ తర్వాత పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది.

అమ్మాయి చెయ్యి మౌస్ మీదికి వెళ్తుంటే గట్టిగా ఆపాను. తాతయ్య ఫొటోలు పోయాయని అది ఏడుపు మొదలుపెట్టింది. పోలేదమ్మా, డ్రైవ్‌లో నిండిన స్థలం ఏమాత్రం తగ్గలేదు చూడు అన్నాను. ఈ రకం వర్మ్ అసలు ఫోల్డర్లను చెరపదు, సిస్టమ్ ఫైళ్లన్నట్టు ముద్ర వేసి దాచేస్తుంది. ముందు విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో పెన్‌డ్రైవ్ మొత్తం స్కాన్ చేయించి, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ ఆదేశంతో ఆ ముద్ర తీసేశాను. నాన్నగారు మళ్లీ కనిపించారు. ఆ ఫొటోలకు అదొక్కటే ప్రతి అని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. ఆ రాత్రే వాటిని వేరే హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి బీరువాలో పెట్టాను.

ఈ వర్మ్‌కు మన వేలు కావాలి. కొన్నిటికి అదీ అక్కర్లేదు. 2017 మే 12న వన్నాక్రై అనే వర్మ్ ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకిపోయింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలల వ్యవధి! 2008లో కాన్‌ఫికర్ అనే మరో వర్మ్ కథా అంతే: అక్టోబరులో మందు వచ్చింది, నవంబరులో జబ్బు వచ్చింది. అందుకే అప్‌డేట్‌ను వాయిదా వేస్తే మా ఇంట్లో నేను ఊరుకోను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి మావారి పాత ల్యాప్‌టాప్ సంగతి కూడా తేల్చాలి.

షాపుకు ఇకపై ఆ ఒక్క కాగితమే ఉన్న వేరే పెన్‌డ్రైవ్ వెళ్తుంది, తిరిగొచ్చాక ఏదీ తెరవకుండా ఫార్మాట్ చేసేస్తాం. షాపాయనకూ వెళ్లి చెప్పాను. ఆయన వెంటనే స్కాన్ పెట్టారు, అది పూర్తయ్యేదాకా నేనూ పక్కనే కూర్చున్నాను.