కనుమ నాటి రాత్రి, ఎదుర్లంక వంతెన మీద

నా గడ్డం కింద రెండంగుళాల గాటు మచ్చ ఉంది. మొదట్లో నలుగురిలోకి వెళ్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు మానేశాను. అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్తున్నాను. ఇంతమందికి నోటితో చెప్పేకంటే ఒకసారి రాస్తే నయమనిపించింది.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాకు 51 ఏళ్లు. ఏడేళ్లుగా షుగరు. మాత్రలు వేసుకుంటాను గానీ పండగ హడావుడిలో మర్చిపోతుంటాను కూడా. కింది దవడలో కుడివైపు చివరి పన్ను రెండు నెలల నుంచి సలుపుతోంది. లవంగం నొక్కిపెట్టుకుని రోజులు నెట్టాను. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారు, పిండివంటలు చెయ్యాలి, ఈ పోటుతో ఎలాగా అని భోగికి ముందురోజు టౌనుకెళ్లి పీకించేసుకున్నాను.

ఆ క్లినిక్కులో కూర్చున్నప్పుడు నా కళ్లతో చూసినవి చెప్తాను. నాకు ముందు వెళ్లినాయన ఉమ్మిన రక్తం బేసిన్లో అలాగే ఉంది. అక్కడ పనిచేసే కుర్రాడు పన్ను పీకే పట్టకారుని కుళాయి కింద కడిగి, స్టీలు గిన్నెలో ఉన్న ఏదో మందునీళ్లలో ఒక్కసారి ముంచి, తీసి నా ట్రేలో పెట్టాడు. గది మూల పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు ఉంది. వైరు చుట్టేసి ఉంది, దాని మీద పేషెంట్ల పేర్లు రాసుకునే పుస్తకం పెట్టారు. డాక్టరుగారు గ్లోవ్స్ తొడుక్కున్నాక ఫోనొస్తే తీసి మాట్లాడారు, మళ్లీ అవే వేళ్లు నా నోట్లో పెట్టారు.

ఇవన్నీ చూశాను. ఒక్క మాట అడగలేదు. అంత చదువుకున్నాయన్ని పట్టుకుని “ఇది కడిగారా అండీ” అని ఎలా అడుగుతామన్న మొహమాటం. షుగరుందా అని ఆయనా అడగలేదు. దవడ కొంచెం ఉబ్బినట్టుంది, ఇప్పుడు పీకొచ్చా అని మాత్రం అడిగాను.

“పంటితో ఎవరూ చచ్చిపోరమ్మా. నోరు తెరవండి” అన్నారు.

భోగినాడు దవడ వాచింది. క్లినిక్కుకి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు ఎత్తాడు. వాపు మామూలేనండీ, ఉప్పునీళ్లు పుక్కిలించండి, డాక్టరుగారు పండక్కి ఊరెళ్లారు, నాలుగు రోజులకి వస్తారు అన్నాడు. పెద్దపండగనాటికి నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. అరిసెలు అందరికీ వడ్డించి నేను గంజి తాగాను. అల్లుడి ముందు మూలుగుతూ పడుకోవడం ఏం బాగుంటుందని ఓర్చుకున్నాను. ఆ ఓర్పు మీద ఇప్పటికీ నాకు కోపమే.

కనుమనాడు పిల్లలంతా జగ్గన్నతోట తీర్థానికి వెళ్లారు, ప్రభలు కౌశిక కాలువ దాటడం చూడాలని. చీకటి పడ్డాక నా తోటికోడలు పలకరించడానికొచ్చింది. నేను రెండు మాటలన్నానో లేదో, “అక్కా, నీ గొంతేంటి అలా ఉంది? నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది” అని లైటు వేసి చూసింది. రెండు వైపులా దవడల కింద చెక్కలా గట్టిపడిపోయింది. నాలుక పైకి లేచి అంగిటికి ఆనుకుంది. ఉమ్మి మింగలేక చొంగ కారుతోంది. పడుకుంటే ఊపిరి ఆగిపోతోంది. ఆ పిల్ల ఎవరినీ అడగలేదు. మరిది చేత కారు తీయించింది. ఆవిడ చదివింది పదో తరగతి. నా ప్రాణం నిలిపినవాళ్లలో మొదటి పేరు ఆవిడదే రాసుకుంటాను.

తీర్థం జనం తిరిగొస్తున్నారు, రోడ్డు కదలదు. అమలాపురంలో ఒక నర్సింగ్ హోములో చూసి, మా వల్ల కాదు, కాకినాడ తీసుకెళ్లిపోండి అన్నారు. అక్కడి నర్సమ్మ కారు దాకా వచ్చి మా ఆయనతో చెప్పింది: “ఎట్టి పరిస్థితుల్లోనూ పడుకోబెట్టకండి బాబుగారూ. కూర్చోబెట్టే తీసుకెళ్లండి.” ఆ మాటే లేకపోతే మావాళ్లు వెనక సీట్లో నన్ను పడుకోబెట్టేసేవారు.

ముమ్మిడివరం దాటాక గాలి అందడం మానేసింది. అందడం లేదని చెప్పడానికి మాట రాదు. ఎదుర్లంక వంతెన ఎక్కాక అద్దం దించమని సైగ చేశాను. గౌతమి మీద నుంచి చలిగాలి ముఖాన కొట్టింది. నోరు ముందుకు చాపి ఆ గాలిని తాగినట్టు పీల్చుకున్నాను. వంతెన రాకముందు అక్కడ పంటు మీద దాటేవాళ్లం. ఆ రోజుల్లోనే ఈ జబ్బు వచ్చుంటే ఈ గట్టు మీదే పోయేదాన్ననుకున్నాను. ఆయన నా వీపు నిమురుతూ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కేస్తున్నారు. నాకు దేవుడు గుర్తు రాలేదు. పంటితో ఎవరూ చచ్చిపోరమ్మా అన్న మాటే చెవిలో తిరిగింది.

కాకినాడ పెద్దాసుపత్రిలో జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ముక్కులోంచి గొట్టం వేశారు, అది పట్టకపోతే మెడకి రంధ్రం పెట్టాలని సంతకం తీసుకున్నారు. ఆ అవసరం పడలేదు. గడ్డం కింద కోసి చీము తీశారు. షుగరు 386 ఉందట. తొమ్మిది రోజులున్నాను.

తేరుకున్నాక పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. దీన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారట. 1836లో లుడ్విగ్ అనే జర్మనీ డాక్టరు దీని గురించి రాశాడు. కింది చివరి పళ్ల వేర్లు నోటి అడుగునున్న కండ కంటే కిందకి దిగి ఉంటాయి కాబట్టి అక్కడి చీము గొంతు వైపు జారుతుంది, షుగరున్నవాళ్లలో ఇంకా జోరుగా పాకుతుంది. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారట.

“మరి ఆ గిన్నెలో ముంచిన పట్టకారు వల్లేనా అమ్మా?” అని అడిగాను.

“అలా చెప్పలేనండీ. ఆ చీము మీ పంటి దగ్గర ముందే ఉండి ఉంటుంది. కానీ ఆ పట్టకారు వల్ల రాగలిగేవి వేరే ఉన్నాయి. మూడు నెలలాగి రక్తం పరీక్ష చేయించుకోండి” అంది.

హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి. ఆ మూడు నెలలు నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. కలిసి తింటే అంటుకోదని డాక్టరమ్మ చెప్పినా మనవణ్ణి ముద్దు పెట్టుకోలేకపోయాను. కోతకంటే ఆ రోజులే కష్టం. అయిదో శనివారం వాడపల్లి వెళ్లే ముందురోజు రిపోర్టు వచ్చింది. మూడూ లేవు. వెంకన్న దయో, డాక్టర్ల చలవో, నాకైతే రెండూ.

తర్వాత ఆ క్లినిక్కుకి వెళ్లాను. ఆయన ముందు నన్ను గుర్తుపట్టలేదు. మచ్చ చూపించాను. “షుగరుందని మీరు చెప్పాలి కదమ్మా” అన్నారు. “అడగాల్సింది మీరు కదండీ” అన్నాను. నా గొంతు వణికింది, కానీ అన్నాను. ఆటోక్లేవు మీద ఆ పుస్తకం ఇంకా ఉంది. ఇంటికొచ్చి జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ రాశాను. ఊరి దగ్గరవాళ్లతో గొడవెందుకు, పోనీలే అని మా ఆయన వారించారు. అయినా రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

పనిముట్లు మరిగించాం అంటే నమ్మి ఊరుకోకండి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మొండి సూక్ష్మక్రిముల బీజాలు దానికి చావవు. ఆటోక్లేవు మన కుక్కరు లాంటిదే, ఆవిరిని 15 పౌండ్ల ఒత్తిడి మీద బిగించి 121 డిగ్రీల వేడిలో కనీసం 15 నిమిషాలుంచుతుంది. అలా తీసిన పనిముట్లు సీలు వేసిన ప్యాకెట్లో వస్తాయి. ఆవిరి సరిగా తగిలితే ప్యాకెట్టు మీది గుర్తు రంగు మారుతుంది. ఆ ప్యాకెట్టు మీ కళ్లముందు విప్పమనండి. వాడిన సూదులు గట్టి తెల్లడబ్బాలో వేస్తున్నారో లేదో చూడండి, 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల్లో అలాగే ఉంది. షుగరు, బీపీ, రక్తం పలచబడే మాత్రలు ఉంటే వాళ్లు అడక్కపోయినా చెప్పండి. పీకించుకున్నాక నోరు తెరుచుకోకపోయినా, మింగుడు పడకపోయినా, గొంతు మారినా పండగనీ చుట్టాలనీ ఆగకండి.

మొన్న ఆయనకి పన్ను కదిలితే వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కుర్చీలో వెనక్కి వాలారు. నేను అడుగుదామని లేచేలోపే ఆయనే తల ఎత్తి, “అమ్మా, ఆ ప్యాకెట్టు మా ఎదురుగా విప్పుతారా?” అన్నారు. ఆవిడ నవ్వి, ప్యాకెట్టు మీది గుర్తు మా వైపు తిప్పి చూపించి, చింపింది.