మెనూ గెంతింది

వెబ్ పేజీలు రాయడం మొదలుపెట్టి ఆరేళ్లయినా ఒక్క కాన్ఫరెన్స్‌కీ వెళ్లలేదు. వీడియోలు ఎలాగూ పెడతారు, ఇంట్లో కూర్చుని చూడొచ్చులే అనుకునేవాణ్ణి. ఈసారి ముగ్గురు పాత స్నేహితులు వస్తున్నారని తెలిసి టికెట్ తీసుకున్నాను. నిజం చెప్పాలంటే వెళ్లింది వాళ్ల కోసమే.

ఒకే సమయంలో మూడు హాళ్లలో మూడు ప్రసంగాలు. దేనికి వెళ్లాలో తేల్చుకోవడమే పెద్ద టెన్షన్. మొదట, అందరూ పరుగెడుతున్నారు కదా అని, ఒక కొత్త ఫ్రేమ్‌వర్క్ గురించిన దానికి వెళ్లాను. వెనక వరసలో సీటు దొరికింది. తెర మీద కోడ్ చీమల బారులా ఉంది. ఇరవై నిమిషాలు తలాడించి బయటికొచ్చేశాను.

పక్క హాల్లో ఖాళీ ఉందని వెళ్లిందే నాకు దక్కిన అదృష్టం. అక్కడ మాట్లాడుతున్నామె తెర ఆపేసి, స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) గొంతు ఒక్కటే వినిపిస్తూ ఒక ఫారం నింపడం మొదలుపెట్టింది. అసలైన బటన్ దగ్గరికి రాగానే అది 'బటన్' అని చెబుతోంది. డివ్‌కి, అంటే పేజీలో ఉత్త పెట్టెకి, రంగులద్ది బటన్‌లా చూపించిన చోట మాత్రం ట్యాబ్ కీ ఆగనే లేదు, దాటిపోయింది. హాలంతా నిశ్శబ్దం. అలాంటి డివ్‌లు నేనెన్ని రాశానో లెక్కలేదు. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని చెప్పినప్పుడు, నేను మోజుపడి వాడే లేత బూడిదరంగు గుర్తొచ్చి తల దించుకున్నాను.

మధ్యాహ్నం పేజీల వేగం గురించి ఇంకో ప్రసంగం. పేజీలో కనిపించే అతి పెద్ద బొమ్మో పాఠమో 2.5 సెకన్లలోపు రావాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు తెర మీద స్పందన కనిపించాలి. పేజీలో ఉన్నవి ఉన్నట్టుండి చోటు మారి ఎంత గెంతుతున్నాయో చెప్పే లేఅవుట్ కదలిక స్కోరు 0.1 దాటకూడదు. సగటు బాగుంటే సరిపోదు, వచ్చినవాళ్లలో 75 శాతం మందికైనా ఇలా ఉండాలి. నేను ధైర్యం చేసి చెయ్యెత్తాను: "నా లాప్‌టాప్‌లో కదలిక సున్నా చూపిస్తుంది, యూజర్లేమో గెంతుతోందంటారు. ఎందుకు?" ఆయన నవ్వి, "మీ టూల్ పేజీ లోడయ్యేదాకానే చూస్తుంది. యూజర్లు ఆ తర్వాత స్క్రోల్ చేస్తారు కదండీ" అన్నాడు. సరేనన్నాను గానీ పూర్తిగా ఎక్కలేదు.

అది ఎక్కింది రాత్రి, హోటల్లో. నలుగురం కూర్చున్నాం. టేబుల్ మీద క్యూఆర్ కోడ్ తప్ప మెనూ కార్డు లేదు. ఫోన్లో తెరిచి, కిందికి జరిపి, కావలసింది నొక్కబోయాను. సరిగ్గా అప్పుడే పై ఐటమ్ ఫోటో ఊడిపడింది. జాబితా కిందికి జారింది, వేలు ఇంకోదాని మీద పడింది. ఆర్డర్ వెళ్లిపోయింది.

మామూలు మనుషులైతే విసుక్కుని వెయిటర్ని పిలుస్తారు. మావాడు లాప్‌టాప్ తీశాడు.

"ఇమేజ్‌కి విడ్త్, హైట్ రాయలేదురా. ఎంత చోటు ఉంచాలో బ్రౌజర్‌కి తెలియదు పాపం."

"నువ్వు నొక్కాక కదిలింది కదా, అది కదలిక స్కోరు లెక్కలోకి రాదు. యూజర్ నొక్కిన 500 మిల్లీసెకన్లలోపు కదలికని వదిలేస్తారు."

"నొక్కకముందే కదిలిందిరా! అంతకుముందు వాడు చేసింది స్క్రోల్. స్క్రోల్‌కి ఆ మినహాయింపు లేదు."

వాదన ముదిరింది. వెయిటర్ వచ్చి, "ఏమైనా ప్రాబ్లమా సార్?" అన్నాడు.

"ఏం లేదండీ, మీ మెనూ చూస్తున్నాం."

మా లాప్‌టాప్ వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా లోపలికెళ్లి ప్రింటు మెనూ తెచ్చాడు. "చాలామంది ఇదే అడుగుతారు సార్" అన్నాడు. పొరపాటున వచ్చిన ఐటమే అందరికంటే ముందు ఖాళీ అయింది.

ఇల్లు చేరాక వైఫై ఆపి, మొబైల్ డేటాతో మా సైట్‌లో వస్తువుల పేజీ తెరిచాను. రెండుసార్లు కిందికి జరిపానో లేదో, గెంతింది. నలభై బొమ్మలున్నాయి, ఒక్కదానికీ కొలతలు లేవు. అన్నీ రాసేసరికి ఒంటిగంటన్నర దాటింది. బూడిదరంగు సంగతి సోమవారం చూడాలి.