బేసిను, తువాలు, 20 నిమిషాలు

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారంలో గురువారం సాయంత్రం, యేసయ్య శిష్యుల పాదాలు కడిగిన గుర్తుగా చాలా సంఘాల్లో పాదాలు కడిగే ఆరాధన జరుగుతుంది. పన్నెండు మందిని వరసగా కూర్చోబెడతారు. వాళ్లు ఇంటి దగ్గరే కాళ్లు శుభ్రంగా కడుక్కుని వస్తారు. పాస్టరుగారు నీళ్లు పోసి, తువాలుతో తుడిచి, ప్రార్థన చేస్తారు. ఆ ఆరాధన అంటే నాకు ఎంతో గౌరవం. అయితే అదే ఊరి చివర ఒక కుష్ఠు కాలనీ ఉందనుకోండి, అక్కడ రోజూ కడగాల్సిన పాదాలున్నాయి. క్రిస్మస్‌కి దుప్పట్లు, కుష్ఠు నివారణ దినమైన జనవరి 30న బ్రెడ్డూ పళ్లూ పట్టుకెళ్లే సంఘాలు చాలానే ఉన్నాయి. బేసిను పట్టుకెళ్లేవి తక్కువ. ఆ పని ఎలా చేయాలో తెలియకే వెనకాడుతున్నారని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు వాళ్ల పాదాలకు పుండ్లు ఎందుకు పడతాయో తెలియాలి. కుష్ఠు క్రిమి చర్మంతో పాటు నరాల్ని దెబ్బతీస్తుంది. ఎం.డి.టి. (కుష్ఠుకు కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) మందులు క్రిమిని చంపేస్తాయి కానీ, ఎప్పుడో చచ్చిపోయిన నరాన్ని బతికించలేవు. కాబట్టి 30 ఏళ్ల కింద జబ్బు నయమైన మనిషికి కూడా ఇవాళ అరికాల్లో పుండు పడుతుంది. చెప్పులో గులకరాయి దూరితే మనం రెండో అడుగుకే ఆగి దులుపుకుంటాం. నొప్పి తెలియని మనిషి దానిమీదే సంతకు వెళ్లొస్తాడు. ఈ పుండ్లకు, వేళ్లు అరిగిపోవడానికి అసలు కారణం నొప్పి తెలియకపోవడమేనని వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గట్టిగా నిరూపించారు. ఆయన మిషనరీల బిడ్డ, 1914లో కొల్లి కొండల్లో పుట్టారు. మన తెలుగు నేల మీద నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు ఆసుపత్రి తెరిచిన రోజుల్లో ఈ సంగతి ఇంత స్పష్టంగా ఎవరికీ తెలియదు.

స్పర్శతో పాటు చెమటా పోతుంది. చెమట పట్టని పాదం ఎండాకాలపు చెరువులా పగులుతుంది. ఆ పగుళ్లలోంచే చీము మొదలవుతుంది. పాదం కడగడంలో అసలు ఉద్దేశం ఎండిన చర్మానికి నీళ్లు తాగించి, ఆ తడి ఆరిపోకుండా కాపాడటం.

ఒక్కొక్కరికి ఒక బేసిను, అది వాళ్లింట్లోనే ఉండాలి. ఒకరి బేసిను ఇంకొకరికి వాడకూడదు. చీలమండ మునిగేదాకా మామూలు చన్నీళ్లు పోయాలి. ముసలివాళ్లు కదా అని జాలిపడి వేన్నీళ్లు పెట్టొద్దు. వాళ్లకు కాలడం తెలియదు, బొబ్బలు లేచాక మనం చూసుకుంటాం. 20 నిమిషాలు నానాక, మెత్తబడిన ఆనెల్ని గరుకు రాయితో మెల్లగా, ఒకే వైపుకి రుద్దాలి. ఒక్కరోజులో మొత్తం తీసేయాలని చూడకండి, రోజూ కొంచెం చొప్పున పోనివ్వండి. బ్లేడు మాత్రం ముట్టుకోవద్దు. ఆనె ఎక్కడ అయిపోయి కండ ఎక్కడ మొదలైందో స్పర్శ లేని ఆ మనిషి చెప్పలేడు, మీకు కనిపించదు. తర్వాత నీళ్లు కారకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రెండు పాదాలకూ కలిపి ఒక టీస్పూను కొబ్బరినూనె గానీ వాజలీన్ గానీ రాయాలి. ఎండిన కాలికి రాసిన నూనె పైపైనే ఉండిపోతుంది. చర్మానికి మెత్తదనం ఇచ్చేది నీళ్లే, నూనె ఆ నీటిని పట్టి ఉంచుతుంది. వేళ్ల సందుల్లో నూనె వద్దు, అక్కడ పొడిగా తుడవాలి.

ఆ 20 నిమిషాలు చాలా విలువైనవి. కాళ్లు నీళ్లలో ఉన్నంతసేపు ఆ పెద్దాయన ఎక్కడికీ వెళ్లడు, మీరూ వెళ్లరు. వాక్యం చదవాలన్నా, ప్రార్థన చేయాలన్నా, ఆయన పింఛను గొడవ వినాలన్నా అదే సమయం. ముందుగా వినమంటాను నేను. సువార్త పుస్తకం మీ చేతిలో ఉన్నా లేకపోయినా, నేలమీద కూర్చుని తన కాళ్లు పట్టుకున్నది ఎవరి పేరిటో ఆయనకు అర్థమవుతుంది.

తుడిచేటప్పుడు మీ కళ్లు పనిచేయాలి. అరికాలు, మడమ, వేళ్ల సందులు అన్నీ వెలుతురులో చూడండి. ఎర్రబడిందా, వాచిందా, కొత్త బొబ్బ ఉందా? చెయ్యి వెనకవైపు ఆనించి రెండు పాదాల వేడినీ పోల్చండి. ఒకచోట మాత్రమే వెచ్చగా తగిలితే లోపల ఏదో మొదలైందని గుర్తు. మూడు రోజులు ఆ కాలుమీద బరువు పెట్టకపోతే చాలాసార్లు పుండు పడకుండానే సర్దుకుంటుంది. దుర్వాసన, చీము, వాపు, జ్వరం, లోతైన గాయం ఉంటే నానబెట్టకూడదు, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామూలు పైపుండు అయితే శుభ్రమైన నీళ్లు, సబ్బుతో కడిగి, గాజుగుడ్డ కట్టాలి. పసుపు, కాఫీపొడి, పేడ, తెరిచిన క్యాప్సూల్ పొడి ఏవీ అద్దకూడదు. నిజానికి పుండును మాన్పేది విశ్రాంతే. అది దొరకనిది కూడా ఆ కాలనీలోనే. కుళాయి దగ్గరికి, రేషన్ షాపుకు నడవక తప్పదు వాళ్లకి. రెండు వారాలు నీళ్లు మోసిపెట్టే యవ్వనస్థుడు ఒకడు దొరికితే, వాడి సేవ పది డ్రెస్సింగుల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక చెప్పులు. రబ్బరు హవాయి చెప్పులు పంచొద్దు. వాటిని వేలితో బిగించి పట్టాలి, ఆ పట్టు వీళ్లకుండదు. చెప్పు ఎక్కడో జారిపోయిన సంగతి తెలియకుండా ఒట్టి కాలుతో నడుస్తారు. కావలసినవి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు: లోపల మెత్తటి రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి అడుగు, మడమ వెనక పట్టీ. బొటనవేలితో నొక్కితే మెత్తటి పొర సగం దాకా దిగి, వదలగానే పైకి రావాలి. మేకులు ఒక్కటి కూడా ఉండకూడదు, కుట్టు, జిగురు మాత్రమే. వంకర తిరిగిన వేళ్లు బకిల్ పెట్టలేవు కాబట్టి వెల్‌క్రో పట్టీ మేలు. ఇవి ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. కొత్త జత మొదటిరోజు అరగంట వేయించి, విప్పి, ఎర్రటి గుర్తులు పడ్డాయేమో చూశాకే రోజంతా వేసుకోనివ్వాలి.

మనకు అంటుకుంటుందేమో అని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మందుల కోర్సు పూర్తి చేసిన మనిషి నుంచి అంటుకోదు. గాయం ఉంటే చేతి తొడుగులు వేసుకుని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. గాయం లేని పాదానికి తొడుగులు వద్దు. ఏళ్లతరబడి ఎవరూ ఒట్టి చేత్తో ముట్టని మనుషులు వాళ్లు. యేసయ్య తన దగ్గరికి వచ్చిన కుష్ఠు రోగిని ముందు ముట్టాడు, తర్వాతే బాగుచేశాడు. ఇంకొక మాట బోధకులకు: ‘పాపమనే కుష్ఠు’ అని పుల్పిట్ మీద నుంచి అనడం మానండి. వెనక బెంచీలో కూర్చున్న తల్లి ఆ మాట విని మళ్లీ గుడికి రాదు. ఫోటోలు కూడా వద్దు.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు కూడా స్పర్శ పోతుంది, అటువంటివాళ్లు ప్రతి సంఘంలో ఉన్నారు. వాళ్ల పద్ధతి వేరు. నానబెట్టకూడదు, రాయితో రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్లతో త్వరగా కడిగి, వేళ్ల సందులు బాగా తుడిచి, పైన మాత్రం నూనె రాయాలి. ఆనెలు డాక్టరు దగ్గరే తీయించాలి.

మొదటి రెండు వారాలు రోజూ వెళ్లండి. మూడో వారం నుంచి బేసిను ఆయన చేత్తోనే నింపించండి, మీరు పక్కన కూర్చోండి. అరికాలు కనిపించేలా చిన్న అద్దం ఇవ్వండి. చూపు తగ్గినవాళ్లకు పక్కింటివాళ్లతో జత కుదర్చండి, ఒకరి కాళ్లు ఒకరు చూస్తారు. తర్వాత నెలకోసారి వెళ్లి, బేసినులో పగులు వచ్చిందా, నూనె అయిపోయిందా, చెప్పు అడుగు ఒకవైపే అరిగిందా అని చూసుకుంటే సరిపోతుంది. అరిగిన వైపే తర్వాతి పుండు పడుతుంది కాబట్టి ఆ జతను అప్పుడే మార్పించండి.