బుగ్గన పెట్టుకునే గమ్

సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ తెచ్చుకున్న నన్ను మొదట తప్పుదోవ పట్టించింది కాగితం మీది ‘చ్యూ’ అనే మాట. బబుల్ గమ్ లాగే టకటకా నమిలేశాను. నికోటిన్ ఒక్కసారిగా ఊరి, ఉమ్మితోపాటు కడుపులోకి పోయింది. వెంటనే ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం. నికోటిన్ ఒంటికి ఎక్కాల్సింది నోటి లోపలి పొర గుండా. మింగిన దాంట్లో చాలా భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది, మెదడుకు చేరేది తక్కువ.

అసలు కిటుకు రెండో మాటలో ఉంది: ‘పార్క్’. మన కిళ్ళీ భాషలో, బుగ్గన పెట్టుకోవడం. మెల్లగా నమలాలి. మిరియపు గింజ కొరికినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపేసి, చిగుళ్లకీ బుగ్గకీ మధ్య పెట్టాలి. నిమిషానికల్లా ఆ చురుకు చల్లారుతుంది. మళ్లీ నాలుగుసార్లు నమిలి, ఈసారి అవతలి బుగ్గన. నమిలినా చురుకు రానంతవరకు ఇలాగే, అంటే బిళ్లకు సుమారు అరగంట.

చిక్కంతా టీ కొట్టు దగ్గర. పుల్లటివి, కాఫీ, టీ, కూల్‌డ్రింకులు తాగితే నోరు ఆమ్లంగా మారి నికోటిన్ సరిగా ఎక్కదు. బిళ్లకు 15 నిమిషాల ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లే. గ్లాసు చేతిలో పట్టుకుని గమ్ వేసుకునేవాళ్లే ‘అది పనిచేయదండీ’ అంటుంటారు.

ఎంత మోతాదు అన్నది రోజుకు ఎన్ని కాలుస్తారన్న దానికంటే మొదటిది ఎప్పుడు వెలిగిస్తారన్న దాన్ని బట్టి చూస్తారు. లేచిన అరగంటలోపే అయితే 4 మి.గ్రా., ఆ తర్వాతయితే 2. మన దేశంలో 2 మి.గ్రా. చీటీ లేకుండా ఇస్తారు, 4కి డాక్టర్ చీటీ కావాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఏదైనా సరే డాక్టర్ని అడిగాకే.

సిగరెట్ కోసం నాలుక పీకినప్పుడు వేసుకుందాంలే అనుకోకూడదు, గడియారం చూసి వేసుకోవాలి. మొదటి 6 వారాలు గంట, రెండు గంటలకొకటి. 7 నుంచి 9 వారాల్లో రెండు నుంచి నాలుగు గంటలకు. 10 నుంచి 12 దాకా నాలుగు నుంచి ఎనిమిది గంటలకు. రోజుకు 24 దాటకూడదు. మధ్యలో పీకుడు వచ్చినా, ఒక్కోటీ ఐదారు నిమిషాలకు మించి గట్టిగా ఉండదు. ఆ కాసేపు వీధి చివరిదాకా నడిస్తే గడిచిపోతుంది.

ఎవరూ చెప్పనిది కాఫీ సంగతి. పొగలోని తారు పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను తొందరగా విరుస్తూ ఉంటుంది. పొగ ఆగితే అదే కప్పు రెట్టింపు ఘాటుగా పనిచేస్తుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సిగరెట్ పెట్టె మీద అచ్చువేసే 1800-11-2356, మానాలనుకునేవాళ్లకు సాయం చేసే నంబరు, ఉచితం. ఫోన్ చేస్తే మానే తేదీ పెట్టిస్తారు. ఆంగ్లంలో మాట్లాడితే ఒకటి జాగ్రత్త: ‘ఐ స్టాప్డ్ టు స్మోక్’ అంటే సిగరెట్ కోసం ఆగానని అర్థం. మానేశానని చెప్పాలంటే ‘ఐ స్టాప్డ్ స్మోకింగ్’.

పెళ్లిలో ఒకటి వెలిగించడం ‘లాప్స్’, మర్నాడు పెట్టె కొనడం ‘రిలాప్స్’. మొదటిది జరిగితే తర్వాతి బిళ్ల వేళకు వేసుకోవడమే, వారాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టక్కర్లేదు.

నమిలి ఉమ్మిన బిళ్లలో కూడా నికోటిన్ మిగులుతుంది. కాగితంలో చుట్టి, పిల్లలకీ కుక్కలకీ అందని బుట్టలో వేయాలి.